అయిదో ఫౌల్

సామర్లకోట సూరన్న మాస్టారు ఎవరు ప్రశ్న వేసినా వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. ముందు వాళ్ళ చేతికి చీపురిచ్చేవారు. రైల్వే క్వార్టర్ల వెనకున్న సిమెంటు కోర్టు ఊడ్చి వచ్చాక ఆ ప్రశ్న ఇంకా మిగిలి ఉంటే అప్పుడు వినేవారు. ముప్ఫై ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసి, రిటైరయ్యాక కూడా అక్కడే ఆడపిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పుతూ వచ్చిన ఆయన దగ్గర సగం ప్రశ్నలు చీపురుతోనే పోయేవని చెప్పుకునేవారు. ఆయన పాత శిష్యురాలు వాసంశెట్టి నీలవేణి తెచ్చిన ప్రశ్న మాత్రం పోలేదు. ఆమె కోర్టంతా ఊడ్చింది. అంచుల్లో మొలిచిన గడ్డి కూడా పీకి పారేసింది. చీపురు గోడకి ఆనించి వచ్చేసరికి కోపం తగ్గకపోగా ఇంకో రెండు పాళ్ళు పెరిగింది.

"ఇప్పుడు చెప్పండి మాస్టారూ. ఆటలో అనుభవం గొప్పదా, వయసు గొప్పదా?"

మాస్టారు అరుగు మీద కూర్చుని ఆమె సంచీలోంచి తీసిచ్చిన పేపరు చూస్తున్నారు. నాలుగు మడతలు పెట్టి, మడతల దగ్గర చిరిగే దాకా వచ్చిన పేపరది. "అనుభవమే గెలిపించింది" అని పెద్దక్షరాలు. కింద కెప్టెన్ పలివెల ఎస్తేరు బొమ్మ.

నీలవేణికి ఇరవై రెండేళ్ళు. కాకినాడ కోరంగి క్లబ్బు తరఫున, జీతాలిచ్చి ఆడించే మహిళల లీగ్‌లో ఆమెకిది రెండో ఏడు. జట్టు సెమీఫైనల్ దాకా వచ్చింది. వరంగల్ జట్టుతో మూడు మ్యాచ్‌లు. రెండు గెలిచినవాళ్ళు ఫైనల్‌కి వెళ్తారు. మొదటి మ్యాచ్‌లో, ఎనిమిది సెకన్లుందనగా, కోచ్ దివాకర్ నీలవేణిని బయటికి పిలిచి ముప్ఫై ఆరేళ్ళ ఎస్తేరుని లోపలికి పంపాడు. ఎస్తేరు వేసిన బంతి రింగు దాకా కూడా వెళ్ళలేదు. ఒక్క పాయింటుతో ఓడారు. రెండో మ్యాచ్‌లో నీలవేణికి తొమ్మిది నిమిషాలు దక్కాయి. ఆ తొమ్మిది నిమిషాల్లో ఏడు పాయింట్లు వెనకబడి ఉన్న జట్టుని ఆరు పాయింట్లు ముందుకి తెచ్చింది. తేగానే మళ్ళీ బెంచీ ఎక్కించారు. చివరిదాకా ఎస్తేరే ఆడింది. రెండు పాయింట్లతో గెలిచారు.

"ఆరు నేను తెచ్చానండి. అందులో నాలుగు ఎవరు పోగొట్టారో ఈ పేపర్లో రాశారా?" అంది నీలవేణి. "నిలబడి చూస్తూంటే ఒళ్ళు మండిపోయింది. ఎస్తేరక్క ఒకడుగు వేసేలోగా వరంగల్ పిల్లలు మూడడుగులు వేస్తున్నారు. అయినా ఆవిడే ఉండాలంట. ఏమన్నా అంటే, నీకు పెద్ద మ్యాచ్‌లు ఆడిన అనుభవం లేదంటాడాయన. ఆడనిస్తే కదండీ వచ్చేది! ఈత రాదు కాబట్టి నీళ్ళలో దిగొద్దంటే, ఈత గట్టు మీద వస్తుందా? వచ్చే నెలతో నా రెండేళ్ళ ఒప్పందం అయిపోతుంది. ఒత్తిడిలో ఆడి చూపించలేదు అని రాసి ఇంటికి పంపేస్తారు. చూపించనివ్వంది వాళ్ళు, పోయేది నేను. ఇదేం న్యాయమండీ?"

ఆమెకి తెలియంది కాదు, ఈ కోర్టు మీదే ఇరవై నాలుగేళ్ళ కిందట, చెప్పులు కూడా లేకుండా వచ్చిన పన్నెండేళ్ళ ఎస్తేరుకి మొదటిసారి బంతి చేతికిచ్చింది కూడా ఈ మాస్టారే. అందుకే ఆయన తనవైపు మాట్లాడతారన్న నమ్మకం ఆమెకి పెద్దగా లేదు. కానీ అబద్ధం మాత్రం ఆడరని నమ్మకముంది.

మాస్టారు పేపరు మడతల ప్రకారమే మడిచి ఇచ్చేశారు.

"రేపు మూడో మ్యాచ్ కదా. బెంచీ మీద కూర్చున్నంతసేపూ ఎస్తేరు ఫౌళ్ళు లెక్కపెట్టు. ఏ నిమిషంలో, ఎవరి మీద, ఎక్కడ. స్కోరు చూడకు."

నీలవేణికి మొహమ్మీద కొట్టినట్టయింది. ఇంతదూరం వచ్చి, కోర్టు ఊడ్చి, కడుపులో ఉన్నదంతా కక్కితే, ఈయనిచ్చింది గుమాస్తా పని. "ఫౌళ్ళు రాయడానికి టేబులు దగ్గర మనుషులున్నారండి" అంది.

"వాళ్ళు ఎన్ని అని రాస్తారు. ఎందుకని రాయరు" అని మాస్టారు లేచి లోపలికి వెళ్ళిపోయారు.

ఆదివారం సాయంత్రం కాకినాడ ఇండోర్ స్టేడియం కిక్కిరిసిపోయింది. మెట్ల మీద కూడా జనం. ఒక మూల డప్పులు. నీలవేణి అనుకున్నట్టే మొదటి అయిదుగురిలో తన పేరు లేదు. తువ్వాలు మెడ చుట్టూ వేసుకుని బెంచీ చివర కూర్చుంది. చెప్పిన పని చెయ్యకూడదనే అనుకుంది. కానీ చిన్నప్పటి నుంచీ ఆయన చెప్పింది చెయ్యకుండా ఉండడం ఆమెకి చేతకాలేదు. లెక్కపెట్టింది.

ఆటలో అయిదు ఫౌళ్ళు చేసినవాళ్ళు బయటికి పోవాలి, ఇక ఆ మ్యాచ్‌లో మళ్ళీ అడుగుపెట్టకూడదు. పదిహేనేళ్ళ లీగ్ ఆటలో ఎస్తేరు ఒక్కసారి కూడా అయిదో ఫౌల్ దాకా వెళ్ళలేదు. అది జట్టులో అందరూ కథలా చెప్పుకునే విషయం. నీలవేణి దాన్నెప్పుడూ పట్టించుకోలేదు. ఆ సాయంత్రం మొదటిసారి చూసింది. ఎదుటిపిల్ల బంతితో మీదకొస్తుంటే ఎస్తేరు చేతులు వెనక్కి తీసుకునేది. అవి లేనట్టే ఉండేది. పరుగు సరిపోని చోటికి ముందే వెళ్ళి నిలబడేది. వరంగల్ జట్టు అంతటికీ ప్రాణంలాంటి పదకొండో నెంబరు పిల్ల, ఇరవై ఏళ్ళది, పాదరసంలా జారిపోతూంటే, ఎస్తేరు దాని వెంట పడకుండా అది చేరబోయే చోటు వైపు నడిచేది. కొన్నిసార్లు ముందే చేరేది. చాలాసార్లు ఒక్క జానెడు ఆలస్యమయ్యేది.

మొదటి ఫౌల్ ఆరో నిమిషంలో, బుట్ట కింద, తప్పనిసరై. రెండోది ఆట సగం అవుతుందనగా. మూడో క్వార్టర్‌లో మూడోది. ఆ మూడోది చూస్తూంటే నీలవేణికి జాలి వేయాల్సింది. వెయ్యలేదు. చూశారా, కాళ్ళు రావడం లేదు, ఇంకా అక్కడే వేళ్ళాడుతోంది అనుకుంది. అప్పటికి నలభై తొమ్మిది, యాభై. తాము ఒకటి వెనక.

క్వార్టర్ ముగిసిన విరామంలో అందరూ నీళ్ళ సీసాల దగ్గర మూగితే, ఎస్తేరు ఒక్కతీ కోచ్ దగ్గరికి వెళ్ళింది. డప్పుల మోతలో మాటలు వినబడలేదు. ఎస్తేరు మోకాలి మీద చెయ్యి వేసుకుని ఏదో అంది. తర్వాత వేలు చాపి బెంచీ చివరికి, సరిగ్గా నీలవేణి వైపు చూపించింది. దివాకర్ తల అడ్డంగా ఊపాడు. ఆవిడ మళ్ళీ ఏదో అంది. ఆయన మళ్ళీ ఊపాడు. నీలవేణి రక్తం సలసలా కాగింది. నన్ను తీయొద్దు, దాన్ని దింపొద్దు అని వేలెత్తి మరీ చెబుతోంది! ఒకే గురువు దగ్గర అక్షరాలు దిద్దుకున్న మనిషి! తువ్వాలు తీసి నేలకేసి కొట్టింది. పక్కనున్న పిల్ల ఉలిక్కిపడింది.

నాలుగో ఫౌల్ ఇంకా ఆరు నిమిషాలుందనగా జరిగింది. జనం ఈలలు వేశారు. దివాకర్ అయినా ఆవిడని తీయలేదు.

రెండు నిమిషాల పది సెకన్లు మిగిలాయి. స్కోరు అరవై ఒకటి, అరవై మూడు. బంతి వరంగల్ వాళ్ళది. వాళ్ళ పద్నాలుగో నెంబరు, అందరికన్నా పొడుగు పిల్ల, కోర్టు మధ్యలో బంతి అందుకుని ఎవరికివ్వాలా అని చూస్తోంది. ప్రమాదమేమీ లేని చోటు. అప్పుడు ఎస్తేరు పరిగెత్తలేదు. మామూలుగా నడిచి దాని దగ్గరికి వెళ్ళి, రిఫరీ కళ్ళెదుట, రెండు చేతులతో దాని మోచెయ్యి పట్టుకుంది. సంతలో తప్పిపోయిన పిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంది.

విజిల్ మోగింది. హాలంతా ఒక్కసారి "అయ్యో" అంది. ఆ వెంటనే తిట్లు. "మైండ్ పోయిందా?" అని దివాకర్ అరిచాడు. నీలవేణి కూడా లేచి నిలబడి, తను ఏమంటోందో తెలియకుండానే, "ఏం పనది అక్కా!" అని కేకేసింది. ఎస్తేరు చెయ్యెత్తి తప్పు ఒప్పుకుంది. కుంటుకుంటూ బయటికొచ్చింది.

దివాకర్ బెంచీ ఈ కొస నుంచి ఆ కొసకి చూశాడు. బంతిని నడిపించే మనిషి ఇక ఒక్కతే మిగిలింది. "నువ్వు పో" అన్నాడు, పేరు కూడా పిలవకుండా.

గీత దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. ఎస్తేరు ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది. చెయ్యి చల్లగా, చెమటతో జారిపోతోంది. "పదకొండుని గట్టిగా నొక్కితే ఎడమకే తిరుగుతుంది. దాని కళ్ళు చూడకు, భుజం చూడు. వెళ్ళవే" అని వదిలేసింది.

ఫౌల్‌కి బదులుగా పద్నాలుగో నెంబరు పిల్లకి రెండు ఫ్రీ త్రోలు, ఎవరూ అడ్డురాకుండా వేసుకునేవి. ఒకటి బయటికి పోయింది, ఒకటి పడింది. మూడు పాయింట్ల తేడా. ఆ తర్వాత రెండు నిమిషాలూ నీలవేణికి డప్పులు వినబడలేదు. ఒక బంతిని ఇద్దరి మధ్యనుంచి తోసి బుట్ట కిందున్న పిల్లకి అందించింది, అది పడింది. అటు వాళ్ళొకటి తప్పారు, ఇటు వీళ్ళొకటి తప్పారు. వరంగల్ మళ్ళీ వేసింది. నీలవేణి తనే దూసుకుపోయి వేసింది. అరవై అయిదు, అరవై ఆరు. పందొమ్మిది సెకన్లు. వాళ్ళు బంతి దాచుకుంటే చాలు, అంతే. పదకొండో నెంబరు బంతి పట్టుకుని నవ్వుతూ నిలబడింది. నీలవేణి మీదమీదకి వెళ్ళి ఊపిరాడనివ్వకుండా నొక్కింది. దాని కళ్ళు కుడివైపు చూశాయి. భుజం ఎడమకి వాలింది. నీలవేణి అటే అడుగేసింది. బంతి వచ్చి ఆమె అరచేతిలో పడింది.

ఎదురుగా ఎవరూ లేరు. ఖాళీ కోర్టు, బుట్ట. అరవై ఏడు, అరవై ఆరు.

ఆమెని భుజాల మీద ఎత్తుకున్నారు. ఎవరో మెడలో బంతిపూల దండ వేశారు. పైనుంచి చూస్తే గోడవారగా ఎస్తేరు మోకాలికి ఐసు కట్టుకుంటూ కనబడింది. మెట్ల మీదనుంచి ఒకడు "ఇంటికెళ్ళి వంట చేసుకోమ్మా, నీ పనయిపోయింది!" అని అరుస్తున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతున్నారు. అదే సమయానికి దివాకర్ మైకు ముందు నిలబడి చెబుతున్నాడు: "ఆఖర్లో నీలవేణిని దించడం పూర్తిగా నా నిర్ణయం. నేనెప్పుడూ యువతరాన్ని నమ్ముతాను."

నీలవేణి భుజాల మీద నుంచి కిందికి దూకింది.

జట్టు గదిలోకి వచ్చాక అదే దివాకర్ ఎస్తేరుని అందరి ముందూ నిలబెట్టి కడిగేశాడు. బళ్ళో పిల్లలు కూడా చెయ్యని తప్పన్నాడు. పదిహేనేళ్ళు ఆడింది ఇందుకేనా అన్నాడు. ఎస్తేరు తలొంచుకుని బూటు తాళ్ళు విప్పుకుంటోంది. నీలవేణి బుర్రలో లెక్క తిరుగుతోంది. మొదటి నాలుగు ఫౌళ్ళకీ కారణముంది. కాళ్ళు ఆలస్యమయ్యాయి, తగిలింది. అయిదోదానికి లేదు. బంతి ప్రమాదంలో లేదు, మనిషి పరుగులో లేదు. పైగా పట్టుకున్నది ఎవర్ని? ఆ సాయంత్రం ఆరు ఫ్రీ త్రోలేసి అయిదు పారేసుకున్న పిల్లని. వాళ్ళ అయిదుగురిలో ఆ ఒక్కదాన్ని వెతుక్కుని మరీ పట్టుకుంది.

బస్సులో వెనక సీటుకి వెళ్ళి పక్కన కూర్చుంది.

"అక్కా. అది కావాలనే చేశావు."

"మెల్లగా మాట్లాడు."

"ఎందుక్కా?"

ఎస్తేరు కిటికీలోంచి చూస్తూ చెప్పింది. "మూడో క్వార్టరయ్యాక అడిగాను. కాలు పని చెయ్యట్లేదు సార్, పిల్లని దించండి, అది చూసుకుంటుంది అన్నాను. ఆయనేమన్నాడో తెలుసా? 'నువ్వుండి ఓడితే దురదృష్టం అంటారు. అదుండి ఓడితే నా ఉద్యోగం పోతుంది' అన్నాడు. రెండోసారి అడిగినా అంతే. ఇక ఆయన్ని నేనెలా ఒప్పించను? రూలు ఒప్పించింది."

నీలవేణి సీట్లోంచి లేచిపోయింది. "ఇప్పుడే పేపరోళ్ళకి చెబుతాను. ఆయన నిర్ణయమంట! నీ మోకాలు అడ్డం పెట్టుకుని ఉద్యోగం కాపాడుకున్నవాడు, మైకు పట్టుకుని..."

"కూర్చో." ఆ గొంతు కోర్టు మీద వినబడే గొంతు. నీలవేణి కూర్చుంది. "చెబితే ఏమవుతుంది? కావాలని బయటికొచ్చానని నన్ను పంపేస్తారు. పథకం వేసుకున్నామని నిన్ను పంపేస్తారు. వారంలో ఫైనలుంది. నోరు మూసుకుని నువ్వు కూడా ఐసు పెట్టుకో."

బస్సు కుదుపులకి ఎస్తేరు పళ్ళు బిగబట్టడం తెలుస్తోంది.

"మూడు నెలల నుంచీ నిన్ను తిట్టుకుంటున్నానక్కా."

"తెలుసు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళ చూపు వీపుకి తగులుతూనే ఉంటుంది. నేనూ కూర్చున్నదాన్నే కదే" అంది ఎస్తేరు.

ఆ అయిదో ఫౌల్ వెనకున్న సంగతి ఎస్తేరు ఆట మానేసే దాకా బయటికి రాలేదు. ఈలోగా తెల్లారేసరికి పేపర్లు వచ్చేశాయి. "తడబడ్డ అనుభవం, గెలిపించిన యౌవనం." కింద గాలిలో లేచిన నీలవేణి బొమ్మ. పక్కనే చిన్నగా, తలొంచుకుని బయటికొస్తున్న ఎస్తేరు బొమ్మ. నీలవేణి మొదటి ప్యాసింజర్ ఎక్కి సామర్లకోటలో దిగింది. మాస్టారు కోర్టు పక్కన కూర్చుని బంతుల్లోకి గాలి కొడుతున్నారు. ఆమె నిలబడే అంతా చెప్పింది, ఒక్క ఫౌల్ వదలకుండా.

"మొన్న అబద్ధం ఆవిడ బొమ్మేసి రాశారు. ఇవాళ అబద్ధం నా బొమ్మేసి రాశారు. మేమిద్దరం కొట్టుకు చస్తుంటే ఆ కోచ్ పెద్దమనిషి మధ్యలో గొడుగేసుకుని కూర్చున్నాడు. గెలిచినందుకు నాకు సిగ్గుగా ఉందండి. ఇంతకీ నా ప్రశ్నకి మీరు జవాబే చెప్పలేదు. ఏది గొప్పది?"

మాస్టారు పంపు పక్కన పెట్టారు. ఆయన మొహం ఎప్పుడూ ఉండేలా లేదు.

"ఎస్తేరు చేతులెలా దాచుకుంటుందో నీకు కనబడాలని లెక్కపెట్టమన్నాను" అన్నారు. "అయిదోది నేనూ అనుకోలేదు. నేను నేర్పింది కాదది."

పక్కనున్న బంతి ఒకటి ఆమె వైపు దొర్లించారు.

"ఇంకో పద్నాలుగేళ్ళకి నీకూ ముప్ఫై ఆరొస్తాయి. అప్పుడు బెంచీ చివర ఒకతె నిన్ను తిట్టుకుంటూ కూర్చుంటుంది. నీకింకా ఆడాలనే ఉంటుంది. ఆ రోజున నువ్వు నడిచి వెళ్ళి ఎదుటి జట్టు పిల్ల చెయ్యి పట్టుకుంటావా?"

నీలవేణి నోరు తెరిచింది. మాస్టారు అరచెయ్యి అడ్డంపెట్టారు.

"ఇప్పుడు చెప్పకు. ఇప్పుడు చెబితే అది వయసు చెప్పిన మాటవుతుంది."